షెగాయ్ నాయనమ్మకు కొత్త మనవడు

ఉదయం తొమ్మిదింటికి కల్నల్ ఎర్గషెవ్ బల్ల మీద రెండే ఉన్నాయి. ఒక శవం ఫొటో, ఒక వీసా ఫైలు.

"పాత రికార్డుల గుమాస్తా. నిన్న కాలువలో తేలాడు. చంపేముందు ఇతని చేత ఈ ఫైల్లోవాడి దొంగ జనన పత్రం మీద ముద్ర వేయించుకున్నారు. ఫైలు చూడు," అన్నాడు కల్నల్.

ఆర్కదీ హెగాయ్ పదకొండేళ్ళుగా సీక్రెట్ ఏజెంటు. శవాలు అతనికి కొత్త కాదు. కానీ ఫైలు రెండో పేజీ దగ్గర అతని వేలు ఆగిపోయింది.

దరఖాస్తుదారు ఎడ్వర్డ్ హెగాయ్. వీసా ఎఫ్-4. ఆధారం: నాయనమ్మ షెగాయ్ అగాఫ్యా, ఇక్కడ స్థిరపడ్డ కొరియన్.

"ఈవిడ మా నాయనమ్మ సార్. ఎడ్వర్డ్ అనే మనవడు ఆవిడకు లేడు."

"వాడు విదేశీ ముఠా మనిషి. టార్గెట్, కొరియాలో జలాంతర్గాములు కట్టే రేవు. కూలి వీసా మీద వెళితే ఒకే ఫ్యాక్టరీకి కట్టిపడేస్తారు. కొరియన్ సంతతికిచ్చే ఎఫ్-4 అయితే ఊరు మారొచ్చు, యజమాని మారొచ్చు. అందుకే వాడికో కొరియన్ నాయనమ్మ కావాల్సి వచ్చింది. మీ ఇంట్లో దొరికింది."

"నన్ను అనుమానిస్తున్నారా?"

"ఇంకా లేదు," అన్నాడు కల్నల్. "ఈ వీసా ఇప్పించిన కన్సల్టెన్సీలో మన మనిషి జన్నా లిగాయ్ ఉంది. ముఠాలో చేరి మనకు కబుర్లిస్తోంది. వెళ్ళి కలువు."

గంట తరువాత ఒక ఉల్లి రైతు జన్నా ఆఫీసులో అడుగుపెట్టాడు. గడ్డి టోపీ, మట్టి బూట్లు, అతికించిన మీసం. చొక్కా రెండో గుండీలో కెమెరా.

"ఉల్లి ముదిరిందా?" అంది జన్నా, తల ఎత్తకుండానే.

"ఇంకా పీకలేదు," అన్నాడు ఆర్కదీ, సంకేతానికి సంకేతంగా.

ఆమె నవ్వింది. నల్ల పట్టు గౌను, ఎర్ర గోళ్ళు, గది నిండా ఖరీదైన సెంటు వాసన. "మీకు మీసం నప్పలేదు. ఎడ్వర్డ్ ఫ్లైటు రేపు సాయంత్రం. ఇక అసలు సంగతి వింటే బాధపడతారు. మీ నాయనమ్మ జనన పత్రం అమ్మింది మీ ఎమ్మా అత్త."

ఆర్కదీ బయటికొచ్చాడు. అమ్మానాన్నలు పోయాక అతన్ని పెంచింది ఎమ్మా అత్తే. ఆవిడ అంత పని చేస్తుందా? ఈ ఉద్యోగంలో చేయరని ఎవరి గురించి చెప్పగలం?

కుయ్‌ల్యుక్ బజారులో అత్త అమ్మకానికి క్యారెట్ సలాడ్ కలుపుతోంది. మోచేతుల దాకా కారం.

"ఏంట్రా ఆ వేషం? ఎవరింట్లో కోళ్ళెత్తుకొచ్చావు?"

"అత్తా, నాయనమ్మ జనన పత్రం ఏది?"

ఆవిడ చేయి ఆగింది. "మా అమ్మాయి స్నెజానా వీసా కోసం ఆ ఎర్ర గోళ్ళావిడకిచ్చాను. మళ్ళీ ఇవ్వలేదు. ఎప్పుడడిగినా ఆఫీసులో ఉందంటుంది. ఏం?"

ఆర్కదీ గబగబా గుండీ కెమెరా ఫొటోలు ఫోన్లో పెద్దవి చేసి చూశాడు. జన్నా బల్ల మీద విమానం టికెట్. ఎడ్వర్డ్ హెగాయ్. రేపు కాదు, ఈ రోజే. రెండూ పదికి.

కల్నల్‌కి ఫోన్ చేశాడు. లైను కలవలేదు.

"అత్తా, లే!"

దారిలో అత్తకు సంగతంతా చెప్పాడు. ఒకటీ నలభైకి విమానాశ్రయం చేరారు. స్కానర్ మీద ఆర్కదీ గుర్తింపు కార్డు పెట్టగానే ఎర్ర దీపం వెలిగింది. ఇద్దరు గార్డులు చెరో రెక్కా పట్టుకున్నారు.

"మీ మీద నిఘా ఉత్తర్వు ఉంది. ముఠాకి పత్రాలిచ్చింది మీరేనని గంట కింద రిపోర్టొచ్చింది," అన్నాడు సరిహద్దు కెప్టెన్.

జన్నా! రెండు వైపులా ఆడుతోందని అప్పుడర్థమైంది.

పాస్‌పోర్టు వరుసలో ఎడ్వర్డ్ మూడోవాడు. సన్నగా, నింపాదిగా ఉన్నాడు. ఆర్కదీ కళ్ళతో చూపించగానే ఎమ్మా సరాసరి కెప్టెన్ దగ్గరికెళ్ళింది.

"బాబూ, వాడు మా వాడు కాడు."

"అత్తా, నన్ను మర్చిపోయావా?" అన్నాడు ఎడ్వర్డ్ తియ్యగా.

"పాస్‌పోర్టు సరిగ్గానే ఉంది. వీసా సరిగ్గానే ఉంది. మీ నోటిమాట మీద ఆపలేనమ్మా," అన్నాడు కెప్టెన్. "కాగితంలో తప్పుంటే చెప్పండి."

ఎమ్మా ఆర్కదీ వైపు చూసింది. నాయనమ్మ జనన పత్రం మీదే ఆవిడ కూతురు స్నెజానా కొరియాలోని అన్సాన్‌లో ఉంటోంది. నాలుగేళ్ళ ఉద్యోగం, బడిలో చేరిన పిల్ల, అంతా ఆ కాగితం మీదే. ఎడ్వర్డ్ కౌంటర్ మీద పాస్‌పోర్టు పెట్టాడు. అధికారి ముద్ర ఎత్తాడు.

"ఆగండి!" అని అరిచింది ఎమ్మా. "మా అమ్మ జనన పత్రం దొంగది. నేనే చేయించాను. రాసిస్తాను, కాగితమివ్వండి."

ముద్ర గాలిలోనే ఆగింది. ఎడ్వర్డ్ పరుగందుకున్నాడు. ఆర్కదీ గార్డులను విదిలించుకుని కాలడ్డం పెట్టాడు. బ్యాగులో టూత్‌పేస్టు ట్యూబు చీలిస్తే చచ్చిపోయిన గుమాస్తా రబ్బరు ముద్ర, గింజంత కెమెరా బయటపడ్డాయి. జన్నాను సాయంత్రం కజక్ సరిహద్దులో, పల్లెటూరి ఆడదానిలా రుమాలు కట్టుకుని ఉండగా పట్టుకున్నారు.

కల్నల్ ఆర్కదీకి కార్డు తిరిగిస్తూ క్షమాపణ లాంటిదేదో గొణిగాడు.

తిరుగుదారిలో ఆర్కదీ అడిగాడు. "అత్తా, నిజంగా నువ్వే చేయించావా?"

"నీ మొహం! మా అమ్మది అసలైన పత్రమే. అది తప్ప ఇంకేం చెప్పినా ఆ కెప్టెన్ కదిలేలా ఉన్నాడా?"

"మరి స్నెజానా?"

"దొంగదని రాసిచ్చాక దాని వీసా కూడా నిలవదుగా," అంటూ ఆవిడ ఫోన్ తీసి కూతురి నంబరు నొక్కింది.

సోమవారం పొద్దున్నే, ముఠాను పట్టించిన ఎమ్మా హెగాయ్ తాను కొరియన్‌నేనని రుజువు చేసుకోవడానికి వీసా కేంద్రంలో టోకెన్ తీసుకుంది. ఆవిడ ముందు నలభై ఒక్క మంది ఉన్నారు.