కెమెరా తిప్పండి

మూడో అంతస్తు...

ఇంకొక్కటే!

చెల్లి రెయిలింగ్ పట్టుకుని ఒళ్ళంతా పైకి లాక్కుంటోంది. తొంభై నాలుగు కిలోల ఒళ్ళు. ఒక్కో మెట్టు దగ్గరా మోకాళ్ళు మొరాయిస్తున్నాయి.

బయట వాన. అప్పుడే చీకటి పడిపోయింది.

టైం ఐదూ యాభై.

సరిగ్గా ఆరింటికి బావ చెల్లి టైలరింగ్ షాపుకొస్తాడు. షట్టర్ మూసుండటం చూస్తాడు. అక్కణ్ణుంచి ఇక్కడికి బైక్ మీద పది నిమిషాలు.

అంతే టైముంది!

చంకలో అక్క డ్రెస్సు. నిన్న బావే కొలతల చీటీతో తెచ్చి కుట్టు మిషన్ మీద పడేశాడు. "వదులైందట, సైడ్లు బిగించు" అన్నాడు. నాలుగు నెలల్లో ఇది మూడోసారి. అతను వెళ్ళాక చెల్లి కొలతల పుస్తకం తీసింది. అక్క నడుము ముప్ఫై ఆరు... తర్వాత ముప్ఫై ఒకటి... ఇరవై ఏడు... నిన్నటి చీటీలో ఇరవై మూడు!

అది పదేళ్ళ పిల్ల నడుము.

రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

నాలుగో అంతస్తు. అక్క ఎప్పుడో ఇచ్చిన తాళంచెవి. రెండుసార్లు జారింది. మూడోసారి తిరిగింది.

"అక్కా!"

బెడ్రూంలోకి పరిగెత్తింది. మంచం మీద దుప్పటి ఉంది. దుప్పటి కింద మనిషున్నట్టే లేదు!

దుప్పటి కదిలింది.

"చెల్లీ... నువ్వా?"

గొంతు అక్కదే. మొహం మాత్రం ఎవరిదో. కళ్ళు లోపలికి పోయాయి. దవడ ఎముకలు బయటికొచ్చాయి.

"ఇదేంటక్కా! ఇలా అయిపోయావేంటి! ఫోన్ చేస్తే ఒక్కసారీ తియ్యవేం?"

"ఫోన్... రిపేర్లో ఉందిగా. మీ బావ చెప్పలేదూ?"

రెండు నెలల నుంచి రిపేరా?

"ఆ సన్నబడే మందు ఇంకా వేసుకుంటున్నావా?"

"లేదే. పది కిలోలు తగ్గగానే చాలన్నాగా. ఇవి బలానికట... మీ బావే వేస్తున్నాడు. అయినా ముద్ద దిగట్లేదు. మంచినీళ్ళు కూడా కక్కేస్తున్నా."

మంచం పక్కన స్టూలు. స్టూలు మీద చిన్న మూతలు. ఇంజెక్షన్ పెన్నుల మూతలు.

మూడు.

చెల్లి వంటింట్లోకెళ్ళి ఫ్రిజ్ తెరిచింది. గుడ్ల అరలో గుడ్లు లేవు. వరసగా పెన్నులున్నాయి. డబ్బా మీద అక్క పేరు. తగ్గడానికి వారానికొకటి వేసే మందే!

ఈ మందు తెప్పించింది తనే.

నాలుగు నెలల కిందట అక్క అరవై ఆరు కిలోలు. కాస్త సన్నబడాలని సరదా పడింది. ఆ బరువుకి ఇంజెక్షన్ రాయనంది ఆన్‌లైన్ డాక్టర్. అప్పుడు బావ ఒక ఉపాయం చెప్పాడు. "మీ ఇద్దరి మొహాలూ ఒక్క అచ్చేగా. ఇంకో క్లినిక్‌లో అక్క పేరు మీద నువ్వు కూర్చో. బరువు మిషనెక్కి అంకె చూపించు. ఎవడు కనిపెడతాడు?"

ముగ్గురూ పగలబడి నవ్వుకున్నారు.

డాక్టర్ నమ్మింది. మందు రాసింది. నెల తర్వాత మళ్ళీ వీడియో కాల్. మళ్ళీ తొంభై నాలుగు! తగ్గడానికి చెల్లి మందు వేసుకుంటే కదా!

"మీ ఒంటికి పనిచేయట్లేదమ్మా, డోసు పెంచుదాం" అంది డాక్టర్.

మళ్ళీ నెల... మళ్ళీ అదే బరువు... మళ్ళీ పెంచింది.

పెంచిన డోసులన్నీ అక్క ఒంట్లోకి!

"లే అక్కా. ఆస్పత్రికి పోదాం. లే!"

అక్క చంకల కింద చేతులేసి లేపింది. బట్టల మూటలా లేచి వచ్చింది.

సరిగ్గా అప్పుడే...

టక్!

వీధి తలుపు గొళ్ళెం.

"ఓహో! బస్తా ఇక్కడుందా?"

బావ!

క్యాష్ వ్యాన్ గార్డు యూనిఫాం. వానకి తడిసిన బూట్లు. భుజాన సంచి. నడుముకి డ్యూటీ గన్.

"షాపు మూసేసి వచ్చావే? ఆరున్నరకి డాక్టరుంది, మర్చిపోయావా?"

"అక్క చచ్చిపోతోంది బావా!"

"తెలుసు."

ఒక్క మాట... మామూలుగా అన్నాడు. కరెంట్ బిల్లు కట్టావా అంటే కట్టానన్నట్టు!

"ఈ ఇల్లు మీ అక్క పేరున ఉంది. సంతకం పెట్టమని ఏడాది బతిమాలాను. పెట్టదట. నేను చేయి చేసుకున్నానా? లేదే! తగ్గాలంది, తగ్గిస్తున్నా."

"పోలీసులకి చెబుతా!"

బావ నవ్వాడు.

"చెప్పు. నాలుగు కాల్స్. నాలుగుసార్లూ రికార్డైంది ఎవరి మొహం? మిషనెక్కిందెవరు? డాక్టర్‌కి అబద్ధం చెప్పిందెవరు? నువ్వే కదే బస్తా!"

గన్ బయటికొచ్చింది.

"హాల్లోకి నడు. ఇవాళ అన్నిటికంటే పెద్ద డోసు రాయించాలి. తిక్క వేషాలేస్తే ముందు మీ అక్క."

సంచిలోంచి బరువు మిషన్ తీసి నేల మీద పెట్టాడు. టేబుల్ మీద నీళ్ళ సీసా. సీసాకి ఆనించి ఫోన్, సీసా కంటే ఎత్తుగా. చెల్లి ఇటువైపు కుర్చీలో. అతను టేబుల్ అటువైపు... ఫోన్ వెనక. కెమెరాకి చిక్కడు. గన్ మాత్రం చెల్లి గుండెకేసి ఉంది.

ఆరున్నర.

స్క్రీన్ మీద డాక్టర్. కళ్ళజోడు, అలసిన మొహం.

"చెప్పండమ్మా, ఎలా ఉన్నారు?"

"బావున్నానండీ."

"వాంతులేమైనా?"

లోపల అక్క కక్కుకుంటున్న చప్పుడు!

బావ కనుబొమ్మ ఎగరేశాడు.

"లే... లేవండీ."

"ఆ చప్పుడేంటి?"

"టీవీ అండీ."

"సరే. కెమెరా తిప్పండి. బరువు చూద్దాం."

ప్రతిసారీ ఇంతే. బటన్ నొక్కితే ముందు కెమెరా ఆగి వెనక కెమెరా వస్తుంది. ఫోన్ చేత్తో పట్టుకుని కిందికి వంచి మిషన్ చూపిస్తుంది.

బటన్... వెనక కెమెరా...

వెనక కెమెరా ఎటు చూస్తోంది?

వేలు చాపింది. బటన్ నొక్కింది. ఫోన్ మాత్రం ఎత్తలేదు!

స్క్రీన్ నిండా బావ. యూనిఫాం... చేతిలో గన్... పెదాల మీద నవ్వు!

అతనికి కనిపించేది ఫోన్ వీపు ఒక్కటే.

ఒకటి... రెండు... మూడు...

"ఏంటే, ఎత్తు!" పెదాలు మాత్రమే కదిపాడు.

ఎత్తింది. కిందికి వంచింది. మిషనెక్కింది. తొంభై నాలుగు.

అటు నుంచి చప్పుడు లేదు. డాక్టర్ చూసిందా? లేక ఏదో రాసుకుంటోందా?

చూసిందా... లేదా?

"ఏం మారలేదమ్మా." డాక్టర్ గొంతు. అదే అలసట. "పెద్ద డోసే రాస్తాను. ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు, ఇప్పుడే పంపిస్తాం. అడ్రస్ ఒకసారి చెప్పండి. అంతస్తు, ఫ్లాట్ నంబర్ కూడా."

చెల్లి చెప్పింది. ఒక్కో అంకె ఒత్తి చెప్పింది.

"కాల్ కట్ చేయకండి. పెద్ద డోసు మొదటిసారి నా కళ్ళ ముందే వేసుకోవాలి. రూలు."

చూసింది! డాక్టర్ చూసింది!

బావ పళ్ళు నూరాడు. అయినా గన్‌తో కుర్చీ చూపించాడు... కూర్చో. చెల్లి మళ్ళీ ముందు కెమెరా పెట్టి, ఫోన్ సీసాకి ఆనించి కూర్చుంది.

ఐదు నిమిషాలు.

పది.

లోపల దబ్బున చప్పుడు! అక్క మంచం మీంచి పడింది!

"అక్..." చెల్లి లేవబోయింది. గన్ లేచింది. కూర్చుంది. గోళ్ళు అరచేతిలోకి దిగాయి.

పన్నెండు నిమిషాలు.

బావ మొహంలో నవ్వు తగ్గింది. వంగి గుసగుసగా అడిగాడు.

"మందు ఎప్పుడూ నా డ్యూటీ అడ్రస్‌కే వస్తుంది. కంప్యూటర్లో ఉంది. ఇవాళ మళ్ళీ అడిగిందెందుకు?"

అతను టేబుల్ చుట్టూ తిరిగి వస్తున్నాడు. ఫోన్ వైపు... స్క్రీన్ వైపు...

టింగ్!

కాలింగ్ బెల్.

"కొరియర్!"

బావ ఆగాడు. ఊపిరి వదిలాడు. గన్ వీపు వెనక దాచి గొళ్ళెం తీశాడు.

తలుపు పేలినట్టు తెరుచుకుంది!

ఒకరు కాదు, నలుగురు పోలీసులు! ఒకడు అతని చెయ్యి విరిచాడు. ఒకడు కాళ్ళ మీద పడ్డాడు...

ఢాం!

నేల మీది మిషన్ అద్దం ముక్కలైంది.

మందుగుండు వాసన. బావ బోర్లా, వీపు మీద మోకాలు.

"పేషెంట్ మీరేనామ్మా? దెబ్బలేం తగల్లేదుగా?" అడిగాడు ఎస్సై.

నేల మీద బావ నవ్వుతున్నాడు!

"చెప్పవే బస్తా! లోపలున్నదానికి పాత గ్యాస్ట్రిక్ సార్, ఏళ్ళ నుంచీ అంతే. మందులన్నీ దీనివే. అడగండి, ఆ మొహం ఎవరిదో అడగండి!"

అవును అంటే చాలు. తను పేషెంట్. గన్ ముందు కూర్చున్న పాపం ఆడది. ఎవరూ ఏమీ అనరు. అక్కని గ్యాస్ట్రిక్ అని ఏదో వార్డులో పడేస్తారు...

చెల్లి ఫోన్ తీసుకుని బెడ్రూంలోకి పరిగెత్తింది. నేల మీద అక్క. ముడుచుకుపోయి, చిన్నపిల్లలా.

బటన్ నొక్కింది.

"డాక్టర్ గారూ, చూడండి. మీ పేషెంట్ నేను కాదు. ఈమె. మీరు రాసిన డోసులన్నీ ఈమెకెక్కాయి. మీకు అబద్ధం చెప్పింది నేనే. నన్నేం చేసినా చేయండి... ముందు మా అక్కని బతికించండి!"

స్క్రీన్ మీద డాక్టర్ చెయ్యి నోటి మీదికెళ్ళింది. ఒక్క క్షణమే.

"ఆఖరి ఇంజెక్షన్ ఎప్పుడు?"

అక్క కళ్ళు తెరిచింది.

"మధ్యాహ్నం..."

"ఒకటేగా? చెప్పండమ్మా, ఒకటేగా?"

చెల్లి స్టూలు వైపు చూసింది.

అక్క చెయ్యి నెమ్మదిగా లేచింది. ఎముకల్లాంటి వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి...

మూడు!

"ఎత్తండి!" ఫోన్లోంచి డాక్టర్ అరుపు. "అంబులెన్స్ కోసం ఆగొద్దు! ఎత్తండి, ఇప్పుడే!"

ఎస్సై ముందుకొచ్చేలోపే చెల్లి వంగింది. అక్కని రెండు చేతుల మీదికి ఎత్తుకుంది. తన తొంభై నాలుగు కిలోల ఒంటితో...

నాలుగంతస్తులూ దిగడం మొదలుపెట్టింది!