మంచుకట్టకు ఓ ముద్దాయి

"భూమి తిరగడం ఆపేసే యంత్రమట," అన్నాడు చీఫ్, మొహంలో నవ్వన్నది లేకుండా. "విదేశీ ముఠా పని. కొండమీద మూతపడ్డ వాతావరణ కేంద్రంలో పెట్టారు. రేపు స్విచ్ వేస్తారు. లోపల మన డబుల్ ఏజెంట్ ఉంది. కోడ్‌నేమ్ నెమలి."

ఏజెంట్ పిల్లికి నవ్వొచ్చింది. కానీ డిపార్ట్‌మెంట్ పద్ధతే అంత. శత్రువుకో పేరుంటే ఎంత పిచ్చి ముప్పుకైనా హెలికాప్టర్లు కదులుతాయి. పేరు లేకపోతే ప్రళయమొచ్చినా ఎవరూ కుర్చీలోంచి లేవరు.

మర్నాడు జనరేటర్ మెకానిక్ వేషంలో కొండెక్కాడు. ఎర్ర పట్టు గౌను మీద ఉన్నికోటు వేసుకున్న అందగత్తె తలుపు తీసింది.

"కాఫీలో ఉప్పు వేస్తారా?"

"జ్వరమొస్తేనే."

కోడ్ కుదిరింది. పిస్టల్ దాచిన స్క్రూడ్రైవర్ పట్టుకుని పిల్లి లోపలికి దూకాడు. గదిలో నరపురుగు లేదు. యంత్రం మాత్రం ఉంది. పాత వాషింగ్ మెషీన్‌కి రంగు బల్బులు తగిలించారు.

"ముఠా ఏది?"

"ఎప్పుడో బిచాణా ఎత్తేసింది. ఈ కబురు పుట్టించింది నేనే." నెమలి కిటికీ తెర లాగింది. బయట కరిగిన మంచుతో నిండిన సరస్సు. దాన్ని ఆపుతున్న మంచుకట్టకు పైనుంచి కిందిదాకా పగులు. "ఏడాదిగా రిపోర్టులు పంపుతున్నా. నిందితుడెవరని అడిగి తిప్పి పంపారు. ఎండ అని రాయమంటారా? ఓ ఏజెంట్ వచ్చి కళ్లారా చూస్తే మీ మాటైనా వింటారని ఈ కథ అల్లాను. కట్ట గంటకన్నా ఎక్కువ ఆగదండీ. కింద లోయలో ఊరుంది."

ఆ ఊళ్లోనే పిల్లి అక్క ఉంటోంది, ఇద్దరు పిల్లలతో.

చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"సార్, కట్ట తెగుతోంది. ఊరు ఖాళీ చేయించండి."

"ఎవడు తెంచుతున్నాడు?"

"ఎవడూ కాదు సార్. కరిగిపోతోంది."

"అయితే అది మన పని కాదయ్యా. యంత్రం సంగతి చెప్పు."

పిల్లి కట్ట మీది పగులుకేసి చూశాడు.

"నేనే తెంచుతున్నా. శత్రువులకి అమ్ముడుపోయా. బాంబు పెట్టా. గంటలో పేలుతుంది."

అవతల చీఫ్ నోటికొచ్చినట్టు తిట్టి ఫోన్ పెట్టేశాడు. కాసేపట్లో లోయలో సైరన్లు మోగాయి, హెలికాప్టర్లు మూగాయి. జనంతో నిండిన చివరి లారీ వంతెన దాటిందో లేదో, కట్ట తెగింది. అక్క ఇల్లు, బడి, సంత అన్నీ నీళ్లలో కలిసిపోయాయి. మనుషులు మాత్రం మిగిలారు. పిల్లి వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క బతికింది, కానీ ఊరు ముంచిన తమ్ముడి మొహం ఈ జన్మలో చూడదు.

మెట్ల మీద సైనికుల బూట్ల చప్పుడు దగ్గరైంది.

"ఇలాంటి సరస్సులు ఇంకెన్ని ఉన్నాయి?" అడిగాడు పిల్లి.

నెమలి వేళ్లమీద లెక్కపెట్టబోయి మధ్యలోనే మానేసింది.

"కష్టమే," అన్నాడు పిల్లి చేతులు పైకెత్తుతూ. "అంతమంది దేశద్రోహుల్ని డిపార్ట్‌మెంట్ ఎక్కణ్నుంచి తెస్తుంది?"