బండికి తెల్ల కడియాలు

బావి నుంచి తెచ్చిన బిందెడు నీళ్లను ప్రేమావతి టైరు మీద గుమ్మరించింది. బురద కరిగి ఆమె కాళ్ల కిందికి పారింది. పక్కనే శివమ్మ గొంతుక్కూర్చుని ఇంకో టైరును కొబ్బరి పీచుతో రుద్దుతోంది.

ఎండ నడినెత్తిన ఉంది. రేకుల షెడ్డు గోడకు నాలుగు చక్రాలు ఆనించి ఉన్నాయి. షెడ్డు లోపల చక్రాలు లేని కారు ఇటుకల దొంతర్ల మీద నిలబడి ఉంది.

ఆ షెడ్డు ప్రేమావతి తండ్రి జ్ఞానదాసుది. శంషాబాదు మీదుగా పోయే లారీలు చెడిపోతే ఆయనే బాగుచేస్తాడు. శివమ్మ తండ్రి ముత్తయ్య వడ్రంగి. పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ఒక నవాబు భవనపు దేవిడీలో మూలపడి ఉన్న పాత కారును స్నేహితులిద్దరూ కలిసి తెచ్చుకున్నారు. జ్ఞానదాసు ఇంజను మొత్తం విప్పి మళ్లీ బిగించాడు. ముత్తయ్య తుప్పు పట్టిన పైభాగాన్ని పీకేసి, టేకు చెక్కతో తలుపులూ కప్పూ కొత్తగా చేశాడు. అట్లాంటి కారు చుట్టుపక్కల ఊళ్లలో ఇంకెవరికీ లేదు.

తెల్ల పట్టీల ఆలోచన మాత్రం ప్రేమావతిది. ఒకసారి ఎవరో నవాబుగారి కారు ఇంజను వేడెక్కి షెడ్డు ముందు ఆగింది. దాని టైర్ల పక్కన చుట్టూ తెల్లటి పట్టీ ఉంది. కారు కాళ్లకు వెండి కడియాలు తొడిగినట్టే అనిపించింది ఆమెకు. మన కారుకు కూడా కావాలని అప్పటి నుంచి తండ్రి వెంట పడింది. అటువంటి టైర్లు ఇక్కడ దొరకవనీ, రంగు తనే కలుపుతాననీ జ్ఞానదాసు ఒప్పుకున్నాడు. పంక్చర్లు అతికించే సొల్యూషన్‌లో తెల్లటి జింకు పొడి కలిపితే రబ్బరుకు బాగా పట్టుకుంటుందట.

అయితే ఒక షరతు పెట్టాడు. టైరు మీద మట్టి గానీ నూనె గానీ ఉంటే ఆ రంగు నిలవదు. సబ్బుతో కడగాలి, ఆరాక గరుకు కాగితంతో రుద్దాలి, మళ్లీ కడగాలి. ఆ పని పిల్లలిద్దరికీ అప్పగించాడు. ఒక్కొక్కరికి రెండు చక్రాలు.

ప్రేమావతికి పదకొండేళ్లు. శివమ్మ ఆమె కంటే రెండేళ్లు చిన్నది. చేతులు సన్నగా ఉంటాయి. అందుకే మెల్లగా చేస్తోంది. టైరు మీద కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాలతో ఉంది. చీపురు పుల్ల ఒకటి తీసుకుని ఆ అక్షరాల సందుల్లో ఇరుక్కున్న మట్టిని కూడా తీస్తూ కూర్చుంది.

అప్పుడే వీధిలోంచి కబురు వచ్చింది. బడి పంతులు దశరథం గారింటికి గాజులమ్మే మల్లారం వచ్చాడు. పంతులుగారి చెల్లెలు భారతమ్మ పెళ్లి. ఆడపిల్లలందరికీ గాజులు వేయిస్తున్నారు. పెళ్లయ్యాక భారతమ్మను బుద్వేల్‌లోని అత్తవారింటికి తీసుకుపోయేది కూడా ఈ కారే. దాని మొదటి ప్రయాణం అదే.

"జల్ది కానియ్యి శివా. ఆలస్యమైతే మంచి గాజులన్నీ అయిపోతయ్" అంది ప్రేమావతి.

శివమ్మ తల ఎత్తకుండా, నువ్వు పో, నాది ఇంకా అయితలేదు అంది. ఆ అక్షరాలు ఎవరు చదువుతారని ప్రేమావతి నవ్వింది.

తన టైర్లలో ఒకదానికి పాత అతుకు ఉంది. రెండింటి మీదా సబ్బు నీళ్లు చల్లి, గరుకు కాగితంతో అక్కడక్కడా గీకింది. ఎండకు అవి ఇట్టే ఆరిపోయాయి. ఆరగానే బూడిద రంగుకు తిరిగి, మరకలు మరకలుగా కనిపించాయి. మళ్లీ కడగాలంటే మళ్లీ బావి దాకా పోవాలి. వీధిలో ఆడపిల్లల గొంతులు వినిపిస్తున్నాయి.

షెడ్డు తలుపుకు ఒక పాత గుడ్డ వేలాడుతోంది. బాపు చేతులు తుడుచుకునే గుడ్డ. దాంతో తుడిస్తే టైరు నిగనిగలాడింది. గుడ్డకు నూనె ఉందని ఆమెకు తెలుసు. ఎంత నూనె, కాస్తంతే కదా అనుకుంది. రెండు టైర్లూ తుడిచి గాజులకు పరుగెత్తింది.

ఆకుపచ్చ గాజులు చేతినిండా దొరికాయి. శివమ్మ వచ్చేసరికి పెద్దవాళ్ల కొలతవి మాత్రమే మిగిలాయి. అవి ఆమె చేతికి నిలవలేదు. జారిపోతుంటే పైకి తోసుకుంటూ ఇంటికి పోయింది.

లారీ పని మీద పోయిన జ్ఞానదాసు సాయంత్రం తిరిగొచ్చి చూసి మెచ్చుకున్నాడు. ముత్తయ్య చక్రం నడుమ మేకు పెట్టి, దానికి పుల్ల కట్టి గుండ్రంగా గీతలు గీశాడు. ఆ గీతల మధ్య జ్ఞానదాసు కుంచెతో తెల్ల రంగు వేశాడు. రంగు ఆరాక చక్రాలు బిగిస్తే, కారును చూడటానికి ఊళ్లో సగం మంది షెడ్డు దగ్గరే చేరారు.

భారతమ్మను సాగనంపే రోజు రానే వచ్చింది. పెళ్లికొడుకు వాళ్లు ఎడ్లబండ్ల మీద ముందే పోయారు. పని చేసినందుకు పిల్లలిద్దరినీ కూడా కారెక్కించుకున్నారు. జ్ఞానదాసు నడుపుతున్నాడు. పక్కన ముత్తయ్య, పంతులుగారు. వెనక పెళ్లికూతురు, ఆమెకు చెరోపక్క పిల్లలు. భారతమ్మ కాసేపు ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, కిటికీలోంచి తల బయటపెట్టి చక్రాలు చూసింది.

"నా కాళ్ల కడియాల కంటే దీనివే బాగున్నయ్" అంది. అందరూ నవ్వారు. ప్రేమావతికి గర్వంగా ఉంది.

దారిలో రాళ్లూ గుంతలూ ఉన్నాయి. ముందు రోజు పడిన వానకు ఒకచోట నీళ్లు నిలిచాయి. కారు వాటన్నిటినీ దాటుకుని బుద్వేల్ చేరింది.

పెళ్లికొడుకు ఇంటి ముందు ఆగగానే అక్కడి పిల్లలు చుట్టుముట్టారు. మొదట వింతగా చూశారు. తర్వాత వాళ్లలో ఒకడు వెనక చక్రం వైపు వేలు చూపించి, బండికి గజ్జి లేచింది అన్నాడు. మిగతావాళ్లు పకపకా నవ్వారు.

ప్రేమావతి దిగి చూసింది. ఎడమవైపు చక్రాలు రెండూ ఒకే తీరుగా ఉన్నాయి. తెల్ల రంగు పొక్కులు పొక్కులుగా లేచి, అక్కడక్కడా తొక్కలా వేలాడుతోంది. కుడివైపు చక్రాలకు మాత్రం మట్టి చిందిందే తప్ప పట్టీ చెక్కు చెదరలేదు.

పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషి ఒకాయన, కొత్త బండి అన్నారు, రంగు ఇల్లు చేరేదాకా కూడా ఆగలేదే అని పరాచికమాడాడు. పంతులుగారు ఏదో సర్దిచెప్పారు. ముత్తయ్య తన చేత్తో చేసిన తలుపు మీద చెయ్యి పెట్టి అటువైపు తిరిగి నిలబడ్డాడు.

పెళ్లికూతురు లోపలికి పోయాక జ్ఞానదాసు చక్రం దగ్గర కూర్చున్నాడు. గోటితో లాగితే రంగు మామిడి తొక్కలా ఊడివచ్చింది. దాని కింద నల్లటి జిడ్డు. వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"లోపల మురికి గట్లనే ఉన్నది. గివి ఎవరు కడిగిండ్రు?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు. కారణం తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

ప్రేమావతి ఏదో అనేలోపే ముత్తయ్య కూతురి వైపు తిరిగాడు.

"శివా, నువ్వేనా?"

శివమ్మ చక్రాలను చాలాసేపు చూసింది. రంగు వేసి బండికి బిగించేటప్పుడు ఏ చక్రం ఎటు పోయిందో ఆమె చూడలేదు. ఏవి ఎవరు కడిగారో గుర్తు పట్టలేకపోయింది.

"నేనే కావచ్చు నాయనా. నాకు గట్టిగ రుద్దనీకి రాదు" అంది.

చేతగాకుంటే ముందే చెప్పాలి కదా, పదిమందిలో తల దించుకోవాల్సి వచ్చిందని ముత్తయ్య అన్నాడు. శివమ్మ కళ్లలో నీళ్లు నిండాయి.

ప్రేమావతి మాత్రం ఆ టైరునే చూస్తోంది. పట్టీ ఊడినచోట అరచేయంత అతుకు కనిపిస్తోంది. ఆ అతుకున్న టైరు తాను కడిగినదే. ఇప్పుడు చెప్పాలి అనుకుంది. చుట్టూ ఇంతమంది ఉన్నారు. ఇంటికి పోయాక చెప్పొచ్చులే అనుకుంది.

ఇంటికి పోయాకా చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో శివమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మర్నాడు షెడ్డుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ముత్తయ్య ఒక్కడే వచ్చి తన పని చేసుకుని పోయేవాడు. శివమ్మ ఏదని అడగడానికి ప్రేమావతికి ధైర్యం చాలలేదు.

తర్వాత తొండుపల్లిలో ఇంకో పెళ్లికి కారు కావాలని అడిగారు. ఆలోపే పట్టీలు మళ్లీ వేయాలని జ్ఞానదాసు చక్రాలు విప్పి గోడకు ఆనించాడు. రంగు సమానంగా ఉండాలంటే నాలుగింటికీ పాతది గీకెయ్యాలన్నాడు.

"ఈసారి నువ్వొక్కదానివే చెయ్యి బిడ్డా. నీ పని నమ్మకం" అని చెప్పి లోపలికి పోయాడు.

ఆ మాటకు ప్రేమావతికి సంతోషం కలగలేదు.

ఊడిన రంగు ఒక్క లాగుకే వచ్చేసింది. ఆ తర్వాత శివమ్మ కడిగిన టైరు ముందు కూర్చుంది. రేకుముక్కతో గీకితే రంగు రాలేదు. గట్టిగా గీకినా గీతలు పడ్డాయే తప్ప పొర లేవలేదు. కంపెనీ పేరున్నచోట ఆమె చెయ్యి ఆగింది. ప్రతి అక్షరం సందులోనూ తెలుపు నిండుగా దిగి ఉంది. ఎక్కడా ఒక్క మట్టి చుక్క లేదు.

చిన్న చిన్న చేతులతో ఆ ఎండలో శివమ్మ ఎంతసేపు కూర్చుందో ప్రేమావతికి అప్పుడు అర్థమైంది. అంత బాగా చేసిన పిల్ల, బాగా చేయలేదేమోనని తనను తానే అనుమానించుకుంది. బాగా చేయని తాను నోరు మూసుకుని నిలబడింది.

రేకుముక్క కింద పెట్టి లేచింది. ఇంజను మీదికి వంగి ఉన్న తండ్రి దగ్గరికి పోయింది.

"బాపూ, రంగు ఊడినవి నేను కడిగినవి. శివమ్మవి కావు."

జ్ఞానదాసు నిటారుగా నిలబడ్డాడు. ఎలా తెలుసని అడిగితే అతుకు సంగతి చెప్పింది. గాజుల కోసం తొందరపడి నూనె గుడ్డతో తుడిచానని కూడా చెప్పింది. ఆయన అదే గుడ్డ అందుకుని చేతులు తుడుచుకున్నాడు. ఆమెకు తిట్టినా బాగుండుననిపించింది.

"ఈ మాట ముత్తయ్య మామకు ఎవరు చెప్పాలె? నేనా, నువ్వా?" అన్నాడు.

ప్రేమావతి ముత్తయ్య ఇంటికి నడిచింది. ఆయన వాకిట్లో నాగలికి చెక్క చెక్కుతున్నాడు. శివమ్మ గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఇద్దరికీ వినబడేలా జరిగింది జరిగినట్టు చెప్పింది. ముత్తయ్య చెక్కుతున్న బాడిస పక్కన పెట్టాడు. ఆమె వంక కాదు, కూతురి వంక చూశాడు.

"నేను నిన్ను ఊరికె అంటినిరా బిడ్డా" అన్నాడు మెల్లగా.

శివమ్మ చేతిలో గింజలు గిన్నెలో వేసింది.

"నేను బాగనే రుద్దిన అనుకున్న. అందరు అడిగేసరికి రుద్దలేదేమో అనిపించింది" అంది. ఆ తర్వాత ప్రేమావతి ముఖంలోకి చూసింది. "నువ్వు ఆడనే చెప్పకపోతివి అక్కా."

అవును, చెప్పలేదు అంది ప్రేమావతి. వెనక్కి తిరిగి షెడ్డుకు వచ్చేసింది.

శివమ్మ చేసిన టైర్ల మీద రంగు గీకాల్సిన పని లేదని జ్ఞానదాసుకు చూపించింది. ఆయన అక్షరాల మీద వేలు పోనిచ్చి, వీటిని ముట్టుకోవద్దన్నాడు. ప్రేమావతి తన రెండు టైర్లను బావి దారిలోని గట్టు దగ్గరికి దొర్లించుకుపోయింది.

సబ్బు పెట్టి రుద్దింది. నీళ్లు నల్లగా పారాయి. ఆరబెట్టి గరుకు కాగితంతో చుట్టూ రుద్దింది. అతుకు అంచుల్లో జిడ్డు వదలకపోతే మళ్లీ సబ్బు పెట్టింది. గాజులు అడ్డొస్తుంటే తీసి గట్టు మీద పెట్టింది. చేతివేళ్లు మండాయి.

ఎప్పుడొచ్చిందో శివమ్మ వచ్చి, కాస్త దూరంలో కూర్చుంది. ప్రేమావతి ఆమెను పలకరించి తొందరపెట్టలేదు.

షెడ్డు నీడలోంచి జ్ఞానదాసు పిలిచాడు. రంగు కలిపేశాడట. ఇక చాలు, దూరం నుంచి చూసినా శుభ్రంగా కనబడుతున్నాయి, తెచ్చేయమన్నాడు.

ప్రేమావతి లంగా అంచుతో టైరు మీద ఒకచోట గట్టిగా తుడిచి చూసింది. అంచుకు సన్నగా నలుపు అంటింది.

"రంగు మీద మూత పెట్టు బాపూ. ఇంకా కాలే" అని, ఖాళీ బిందె చంకన పెట్టుకుంది.

శివమ్మ లేచి, రెండో బిందె తీసుకుని ఆమె వెనకే బావి వైపు నడిచింది.