నానబెట్టిన యూనిఫాం

గాజులు పోయాయి.

రెండు బంగారు గాజులు. పదేళ్ళుగా ఆ చేతుల్ని వదలనివి. ఆ ఉదయం ఇంటావిడ సబ్బు రాసి, వేళ్ళు కమిలేలా లాగి, వాటిని బాత్రూం కిటికీ గట్టు మీద పెట్టింది. అంతలో వీధి బెల్ మోగింది. గ్యాస్ సిలిండర్. బండ దింపించుకుని వచ్చేసరికి గట్టు మీద సబ్బు మరక తప్ప ఏమీ లేదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి పదకొండు. ఒంటిగంటకి కాలేజీలో ఫీజు కౌంటర్ మూసేస్తారు. ఆలోగా గాజులు అమ్మి డబ్బు కట్టాలి. లేకపోతే నర్సింగ్ సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న వాళ్ళకి పోతుంది.

"సీటు మీ అమ్మాయికా?"

"నాకే సార్."

ఆయన తలెత్తి చూశాడు. నలభై దాటిన మనిషి. ఆసుపత్రిలో ఆయా.

"ఇన్నేళ్ళూ నర్సుల పక్కన నిలబడి ట్రే పట్టుకున్నాను," అందామె. "ఇక నా పక్కన ఎవరైనా పట్టుకోవాలి."

కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు. ఆయన ఎవరింట్లోనూ కూర్చోడు. భార్య పోయిన దగ్గర్నుంచి తన ఇంట్లో కూడా కాలు నిలవదు.

ఇంట్లో ఉన్నది నలుగురు. ఆయా. ఇంటర్ పాసైన కూతురు. మోకాళ్ళ నొప్పులతో నెల రోజులుగా ఇక్కడే ఉంటున్న ఆడపడుచు. బట్టల షాపులో సూపర్‌వైజర్‌గా చేసే భర్త. అతని ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద నురగ ఎండిపోయింది. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి.

ఐదోవాడు గుమ్మం మెట్ల మీద ఉన్నాడు. భర్త వీధి చివర నుంచి వెనక్కి లాక్కొచ్చిన సిలిండర్ మనిషి. టోపీ ఒళ్ళో పెట్టుకుని నలుపుతున్నాడు.

"ఇంకెవరు సార్? వాడే," అన్నాడు భర్త. "నాలుగు తగిలిస్తే వాడే కక్కుతాడు."

"అయ్యా, నేను గడప దాటలేదు. ఈ మాట మా ఆఫీసులో తెలిస్తే రేపట్నుంచి నాకు పనుండదు."

"దాటాడా?" ఇన్‌స్పెక్టర్ ఆయాని అడిగాడు.

"లేదు సార్. బండ నేనే లోపలికి దొర్లించుకున్నాను. ఆయన వెళ్ళాకే తలుపేశాను."

"నువ్వు అన్నీ చూశావులే!" భర్త విసుక్కున్నాడు.

ఇన్‌స్పెక్టర్ వెంట వచ్చిన లేడీ కానిస్టేబుల్ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. పరుపులు తిరగేసింది. ఫ్లష్ ట్యాంకు మూత తీసింది. అందరి జేబులూ తడిమింది. ఏమీ లేదు.

గోడ గడియారం పావుతక్కువ పన్నెండు దాటింది. ఆయా దాని వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతోంది.

ఇన్‌స్పెక్టర్ వరండాలోకి నడిచాడు. వచ్చాడు. మళ్ళీ పెరటివైపు నడిచాడు. బట్టలుతికే చోట బండ, బ్రష్షు, నిండా నానబెట్టిన బకెట్. నురగ గులాబీ రంగులో ఉంది. ఆయన అక్కడే ఒక నిమిషం నిలబడ్డాడు.

తర్వాత ఆడవాళ్ళని ఒక్కొక్కరినే పిలిచాడు.

"బకెట్లో బట్టలు ఎవరు నానబెట్టారమ్మా?"

"మా వదినేమో సార్. నేను చూళ్ళేదు," అంది ఆయా.

"వంగితే లేవలేను, నేనేం నానబెడతాను నాయనా? పిల్ల పెట్టుంటుంది," అంది ఆడపడుచు.

"అమ్మే అయ్యుంటుంది," అంది కూతురు. "నేను ఫోన్ చేస్తున్నాను కదా."

"ఎవరికి?"

"మీకే. పోలీసుల్ని పిలుస్తానంటే నాన్న వద్దన్నారు. నేను వీధిలోకెళ్ళి చేశాను."

ఇన్‌స్పెక్టర్ అందరినీ పెరట్లోకి రమ్మన్నాడు. సిలిండర్ మనిషిని కూడా.

"ముగ్గురు ఆడవాళ్ళు. బట్టలు నానబెట్టింది తను కాదని ముగ్గురూ చెప్పారు. మిగతా ఇద్దరిలో ఒకరనుకున్నారు. నాలుగో మనిషి ఎవరికీ తట్టలేదు."

ఆయన బకెట్ పక్కకి నడిచాడు.

"మా ఆవిడ చనిపోయాక మొదటిసారి బకెట్ ముట్టుకున్నాను. కొత్త ఎర్ర తువ్వాలు, నా తెల్ల బనియన్లు కలిపి పడేశాను. ఏడాదంతా గులాబీ బనియన్లే. ఈ పని ఆడవాళ్ళెవరూ చెయ్యరు. బట్టలు ఎవరు ఉతుకుతారో ఏనాడూ చూడనివాడు చేస్తాడు." భర్త వైపు తిరిగాడు. "గడ్డం గీసుకునేవాడికి మోచేతుల దాకా ఎందుకు తడిసింది?"

ఆయన బకెట్లో చెయ్యి ముంచాడు. ముందు వచ్చింది నర్సింగ్ యూనిఫాం. ఒకసారి తడిపి ఇస్త్రీ చేద్దామని ఆయా పక్కన పెట్టుకున్న కొత్త తెల్ల బట్ట. ఇప్పుడు గులాబీ. దాని కింద ఎర్ర తువ్వాలు. తువ్వాలు కొసన ముడి. ముడిలో గాజులు.

"ఓరి నీ దుంపతెగ! నా తువ్వాలే దొరికిందా నీకు?" అంది ఆడపడుచు.

భర్త మొహం నల్లబడింది. తర్వాత గొంతు పెరిగింది. "నేనేమన్నా అమ్ముకుతిన్నానా? సాయంత్రానికి ఇచ్చేసేవాణ్ణే. కూతురు కాలేజీకెళ్ళే వయసులో తల్లి సంచి తగిలించుకుని వెళ్తే షాపులో నా మొహాన ఉమ్మరూ? ఆ డబ్బేదో పిల్ల చదువుకి..."

"నా పేరు తియ్యకు నాన్నా," అంది కూతురు. "నాకు ఫ్రీ సీటొచ్చిందని నీకు తెలుసు."

"సాయంత్రం గాజులిస్తావు సరే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సీటు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తావు?"



"నువ్వు వెళ్ళు," అన్నాడు సిలిండర్ మనిషితో. "ఆఫీసుకి నేను ఫోన్ చేస్తాను." వాడు టోపీ పెట్టుకుని, భర్త వైపు ఒకసారి చూసి వెళ్ళాడు.

ఆయా ఏడవలేదు. గాజులు కొంగుతో తుడిచింది.

"కేసు రాయమంటారా అమ్మా?"

"వచ్చి చెప్తాను సార్. ఇప్పుడు టైం లేదు. అమ్మాయ్, స్కూటర్ తియ్యి."

గేటు దగ్గర ఆగి, మొగుడి వైపు తిరిగింది. "సోమవారం క్లాసులు. ఆ యూనిఫాం తెల్లగా కావాలి."

స్కూటర్ మలుపు తిరిగింది. పన్నెండుంబావు. బంగారం కొనే కొట్టు రెండు వీధుల అవతల. అందుకుంటుంది.

"మీరైనా చెప్పండి సార్," భర్త గొణిగాడు. "మగాణ్ణి పట్టుకుని..."

ఇన్‌స్పెక్టర్ హాల్లోంచి కుర్చీ తెచ్చి ఉతికే బండ ఎదురుగా వేసుకున్నాడు. ఆ రోజు మొదటిసారి కూర్చున్నాడు.

"చన్నీళ్ళు పట్టు. గట్టిగా రుద్దు. తెల్లగా అయ్యేదాకా నేనిక్కడే ఉంటాను."

భర్త బండ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. బ్రష్షు అందుకున్నాడు.

ఆ రంగు ఒకసారి పట్టిందంటే పోదు. ఇన్‌స్పెక్టర్‌కి తెలుసు. చెప్పలేదు.