పది నిమిషాలు తేలితే చాలు

హలో, అందరూ బాగున్నారా? నా గొంతు వినబడుతోందనుకునే మాట్లాడుతున్నా. చేతిలో చాయ్ ఉంటే జర పక్కన పెట్టండి. ఇది నవ్వుకునే కథ కాదు.

ఆ పొద్దున రూతమ్మ బట్టలు నానబెడదామని కూతురి బ్యాగు గుమ్మరించింది. సూర్యాపేటలో ఓ ల్యాబులో పనిచేసే జ్యోత్స్న ముందురోజే మిర్యాలగూడ అవతల ఉన్న తమ ఊరికి వచ్చింది. బ్యాగు అడుగున తడి టవల్లో చుట్టిన ఈత డ్రెస్సు, రబ్బరు టోపీ, నీళ్లలో పెట్టుకునే కళ్లద్దాలు. రూతమ్మ చేతులు ఆగిపోయాయి.

నాలుగేళ్లుగా ఆ ఇంట్లో ఈత అన్న మాటే లేదు. కొడుకు ప్రశాంత్ ఇంటి ముందున్న సాగర్ కాలువలోనే పోయాడు. తండ్రి లాజరు ఆ కాలువ మీదే లష్కరు. తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, కట్ట వెంబడి తిరగడం ఆయన పని. ఎవరు మునిగినా దిగి శవాన్ని తీసేది ఆయనే. కొడుకునీ ఆయనే తీశాడు. ఆ తర్వాత నీళ్లలో కాలు పెట్టలేదు.

"ఎవరివే గివి?" గుమ్మంలోంచి లాజరు అడిగాడు.

జ్యోత్స్న తల దించుకుంది. "నావే నాయినా. ఆర్నెల్ల సంది సూర్యాపేటల ఈతకు పోతున్న."

"మీ అన్న సాలలేదా ఆ నీళ్లకు? నిన్ను గూడ నేనే తియ్యాల్నా?"

"నీళ్ల కిందికి దిగి డ్యాం గేట్లు సూసే ఉద్యోగం నాయినా. దానికి స్కూబా సర్టిఫికెట్ కావాలె. ముందుగాల ఈత పరీక్ష పెడ్తరు. ఎల్లుండే, హైదరాబాద్ల."

లాజరు ఆ టోపీ తీసి పెరట్లోకి విసిరాడు. "నీళ్ల కింద ఏముంటదో నాకు తెలుసు. నేను సూసిన. పోతే పో. మళ్ల ఈ గడప తొక్కకు."

రూతమ్మ ఇద్దరి మధ్యకీ వచ్చింది. "ఆగు జర. ఏం పరీక్షనే అది?"

"రెండొందల మీటర్లు ఆగకుండ ఈదాలె. ఎంత సేపైనా ఏమనరు. అది నాకొస్తదమ్మా. రెండోదే వస్తలేదు. పది నిమిషాలు నీళ్ల మీద ఉండాలె, దేన్నీ పట్టుకోవద్దు. తేలినా సరే, కాళ్లాడించినా సరే, మునగొద్దు అంతే. మూడో నిమిషానికే నాకు గుండె దడదడ కొట్టుకుంటది. గోడ దిక్కు ఉరుకుత."

లాజరు వెటకారంగా నవ్వాడు. "ఊకె పండుకునుడు గూడ ఈతేనా? దిగిన మెట్లకే ఎదురీది రావాలె. గదీ ఈతంటే."

ఆ ఊళ్లో మగపిల్లల పందెం అదే. బట్టలు విప్పిన మెట్ల దగ్గరికే తిరిగి రావాలి. వాలుకు కొట్టుకుపోయి కింద వంతెన మెట్ల దగ్గర ఎక్కినవాడు గోచీతో కట్ట వెంట నడిచొస్తుంటే ఊరంతా నవ్వేది. లాజరు ఒక్కసారి కూడా అలా నడిచి రాలేదు. కొడుక్కి ఏడో ఏటనే ఎదురీత నేర్పాడు.

"నవ్వకయ్యా." రూతమ్మ ఆయన ముందుకొచ్చి నిలబడింది. "వాడు గదే చేసిండు. ఆ రోజు నీళ్లు జోరుగొచ్చినయ్. కట్ట మీద మేకలు కాస్తున్న చాందీ ఒర్రిందంట, వంతెన దిక్కు పో కొడకా అని. వాడు ఇన్నడా? మన మెట్ల దిక్కే కొట్టుకున్నడు, రెక్కలు పడిపోయేదాంక. నువ్వు నేర్పిందే చేసిండు. నాలుగేండ్ల సంది నాలికె మీదికొచ్చిన మాటను మింగుతున్న."

లాజరు గడప మీద కూలబడ్డాడు.

"ఎన్ని నిమిషాలంటివి బిడ్డా?"

"పది నాయినా."

ఆయన పెదాలు కదులుతున్నాయి. షట్టర్లు ఎత్తిన ప్రతిసారీ ఆకు వేసి నీళ్ల వడి చూసేది ఆయనే. నిండు కాలువలో ఏ ఆకు ఎక్కడికి ఎంతసేపట్లో పోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

"తొమ్మిది," అన్నాడు. "మన మెట్ల నుంచి వంతెన మెట్లకు తొమ్మిది నిమిషాలు. ఊకె పండుకున్నా ఒడ్డుకు చేరెటోడు గదనే... ఊకె పండుకున్నా..."

ఆ మాట పూర్తి కాలేదు. ఎన్నో శవాల్ని మోసిన ఆ మనిషి గడపకు తల బాదుకుంటుంటే తల్లీకూతుళ్లు ఇద్దరూ పట్టుకున్నా ఆగలేదు.

తెల్లారి సూర్యాపేట బస్సులో జ్యోత్స్న పక్క సీట్లో లాజరు కూర్చున్నాడు. ఒడిలో దుమ్ము దులిపిన టోపీ.

పూల్ దగ్గర కోచ్ వినోద్ ఆపాడు. "పెద్దాయనా, లుంగీతోని దిగొద్దు."

"నలభై ఏండ్లు గోచీతోని దిగిన సారూ."

"గోచీ గూడ నడ్వదే!" అని తన నిక్కరే ఇచ్చాడు. జ్యోత్స్నకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

నాలుగేళ్ల తర్వాత లాజరు ఛాతీ లోతు నీళ్లలో నిలబడ్డాడు. కూతురు వెల్లకిలా పడుకుంది. మూడో నిమిషంలో ఆమె మెడ బిగిసి, చూపు గోడ మీదికి పోయింది.

"గోడ దిక్కు సూడకు," అన్నాడు లాజరు చెవి దగ్గరికి వంగి. "నీళ్లు ఎటు తీస్కపోతే అటు పో. మన కాలువలనే ఉన్నవనుకో. ఇగ పెద్ద తూము దాటినవ్. భయం లేదు." కాసేపాగి, "జైరాం పొలం మోటరు కాడికొచ్చినవ్. గీడ వడి తగ్గుతది, ఊపిరి వదులు." మళ్లీ కాసేపటికి, "అగో, వంతెన కనవడ్తుంది."

జ్యోత్స్న మెడ వదులైంది.

తొమ్మిదో నిమిషానికి లాజరు రెండు చేతులూ చాచాడు, ఆమె వైపు కాదు, పక్కనున్న ఖాళీ నీళ్ల వైపు. "మెట్లొచ్చినయ్ కొడకా. ఎక్కు. ఎవ్వరూ నవ్వరు. ఎక్కు."

చివరి నిమిషం ఆయన లెక్కపెట్టలేకపోయాడు. వినోదే లెక్కపెట్టాడు. జ్యోత్స్న మాత్రం మునగలేదు.

ఇంతే నా కథ. మీకు తెలిసిన ఇల్లు ఏదైనా కాలువ పక్కనుంటే, ఆ ఇంటి పెద్దమనిషికి ఇది తప్పకుండా పంపండి. పిల్లలు ఏ మెట్ల దగ్గర ఎక్కినా వచ్చేది మనింటికేనని చెప్పమనండి.