మనిషి ఉన్న గదికే చల్లగాలి

బేగంబజార్‌లో గిన్నెల వ్యాపారి పురుషోత్తం ఇంటికి ఏసీలు బిగించింది నేనే. బయట ఒకటే మిషన్, లోపల నాలుగు గదులకు నాలుగు ఏసీలు. ఒక్కోదానికి ఒక సెన్సర్. గదిలో మనిషి కదిలితే పచ్చలైటు వెలిగి చల్లగాలి వస్తుంది. ఎవరూ లేకపోతే ఆగిపోతుంది. కరెంటు మస్తు మిగులుతుందని తెగ గొప్పలు చెప్పుకున్నాను.

వెనక గదిలో ఆయన తల్లి లలితమ్మ మంచం పట్టి ఉండేది. కాలూ చేయీ కదలవు. అలాంటి గదిలో సెన్సర్ ఆపేయాలి. నాకు తెలుసు. తొందరలో మరిచిపోయాను. మే నెలలో, ఇంట్లో అందరూ దుకాణంలో ఉన్న ఒక మధ్యాహ్నం, తలుపులన్నీ మూసిన ఆ గదిలో ఆమె ఉడికిపోయి చనిపోయింది. వయసైపోయింది కదా అనుకున్నారు. నేను నోరు విప్పలేదు.

ఆమె పోయిన నక్షత్రం మంచిది కాదని ఆరు నెలలు ఆ గదికి తాళం వేశారు. మూడో నెలలో పురుషోత్తం ఫోన్ చేశాడు.

"నగేష్ భాయ్, తాళమేసిన గదిల ఏసీ నడుస్తుంది. ఏందో జర చూడు."

"ఎలుక జొచ్చి ఉంటది సేఠ్, ఫికర్ చేయకు."

పట్టపగలే వెళ్లాను. గడువు తీరకుండా ఇంటివాళ్లు అడుగు పెట్టకూడదట. తాళం తీసి ఆయన బయటే ఉండిపోయాడు.

లోపల నొప్పుల బామ్ వాసన. పచ్చలైటు వెలుగుతోంది. గాలి రెక్క ఖాళీ మంచం వైపు తిరిగి ఉంది. నేను చూస్తుండగానే అది కదిలింది. మంచం నుంచి గోడకు... గోడ నుంచి తలుపుకు... ఎవరో నడుస్తుంటే వాళ్ల వెంట తిరిగినట్టు. నా వెనక ఆగింది.

మెడ మీద చల్లగా తగిలింది.

"గిప్పుడు కనవడుతున్ననా బిడ్డా?"

"తప్పయింది అవ్వా..." అన్నాను.

పచ్చలైటు ఆరిపోయింది. నేను గది మధ్యలోనే ఉన్నాను. చేతులు ఊపాను. అటూ ఇటూ పరుగెత్తాను. వెలగలేదు.

"బంద్ అయిందా? మస్తు పని చేసినవ్ భాయ్!" బయట నుంచి పురుషోత్తం సంబరపడ్డాడు.

చాంద్రాయణగుట్టలో మా ఇంట్లోనూ అదే రకం ఏసీ. ఆ రోజు నుంచి నేనొక్కడినే ఉంటే అది నడవదు, ఇంకెవరైనా వస్తే నడుస్తుంది. నా పాపం, నేనే పడాలి అనుకుని ఓర్చుకున్నాను.

నిన్న మధ్యాహ్నం పని నుంచి ఇంటికి వచ్చాను. ఐదేళ్ల నా బిడ్డ స్వీటీ ఏసీ కిందే గిరగిరా తిరుగుతూ ఆడుకుంటోంది. ఒళ్లంతా చెమట.

"డాడీ, మస్తు ఉడుకపోస్తుంది."

ఏసీ వైపు చూశాను. పచ్చలైటు వెలగడం లేదు.