చంపిన జంతువు

తస్లీం గొర్రెపిల్ల మెడ మీది ఉన్నిని పాయ తీసి చూసింది. రెండు గాట్లు. మధ్యన రెండు వేళ్ల ఎడం. కనురెప్ప లోపల సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. ఒంట్లో నెత్తురన్నది మిగల్లేదు. ఈ నెలలో ఇది పన్నెండోది.

పక్కన పెట్టిన తెర పలక మాట్లాడింది. "పన్నెండో మృతి. చంపిన జంతువు?"

"ఆగు," అంది తస్లీం. పది నిమిషాల గడువు పెట్టి పలక ఊరుకుంది.

మందలను లెక్కపెట్టి కాపుకాసే యంత్రాంగం పేరు కావలి. దాని కింద ఉన్న మందల్లో ఏ జీవం గాయపడి చచ్చినా వెళ్లి, చంపిందేదో తేల్చడం ఆమె ఉద్యోగం. జాబితాలో తోడేలుంది, చిరుత ఉంది, పాముంది, కుక్క ఉంది. ఈ గుట్టల్లో కాపర్లు చెప్పే పేరు మాత్రం లేదు. కాటేరి తిరుగుతోందని, గొర్రెపిల్లల నెత్తురు తాగి మాంసం ముట్టకుండా పోతోందని వాళ్లంటారు. తస్లీం చదువుకున్న మనిషి, కాటేరిని నమ్మదు. అందుకే పదకొండింటికీ కుక్క అని వేలిముద్ర వేసింది. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం. నాలుగు మందల కుక్కలను బండి వచ్చి ఎక్కించుకుపోయింది. అవి తిరిగిరావు.

ఇవాళ ఈ మందను కాచే ఈరక్క కుక్క వంతు. దాని పేరు కరియ. మూతికి ఎండిన నెత్తురుతో ముసలామె కాళ్ల దగ్గర పడుకుని ఉంది.

"నాకలేదని నేననను డాక్టరమ్మా," అంది ఈరక్క. "మెడ తడిగుంటే నాకింది. తల్లి లేని పిల్ల గదా, దినామూ దీని పొట్ట కిందనే పండుకుంటాండె. ఇది కొరకలేదు. దీన్ని కూడా తీసకపోతే నాకెవురుండారు?"

తస్లీం పిల్ల తలను పక్కకి తిప్పింది. చెవి కింద నల్ల దారానికి వేలాడుతూ ఇత్తడి రంగు పోగు కనిపించింది. ఒక్కో గొర్రె లెక్క దాచే ఆ పోగును ఆరు నెలలు నిండని పిల్లల చెవికి కావలి కుట్టదు.

"ఇదేంది అవ్వా?"

"వాళ్లమ్మది. ఎండల్లో రోగమొచ్చి సచ్చిపాయ. తల్లి పోతే తల్లి గంట పిల్లకి కడ్తాంటిమి మా పెద్దోల్ల కాలంలో. గంట లేని పిల్లను మంద కలుపుకోదు. ఇప్పుడు గంటలు యాడుండాయి? పోగే కడ్తాండాము."

"మిగతా పిల్లలకీ?"

"తల్లిలేని పిల్లలన్నిటికీ. సచ్చినవన్నీ అట్లాంటివే గదా. సచ్చినాక ఇప్పి చూరులో దోపుతాము. ఇయ్యాల ఇప్పకముందే నువ్వు బిన్నే వస్తివి."

తస్లీం పోగును పలకకి తాకించింది. పలక లెక్కలో ఇంకా బతికే ఉన్న అయిదేళ్ల తల్లిగొర్రె, ముప్పై రెండు కిలోలు, ఇవాళ తెల్లవారుజామున సూదిగద్ద దిగింది, తీసిన నెత్తురు ఒక గ్లాసు.

పట్నాల ఊపిరిజ్వరానికి గొర్రె నెత్తురుతో చేసే మందు కోసం, ప్రతి మంద మీదా నెలకోసారి కావలి పంపే యంత్రపు గద్దలు దిగుతాయి. మొద్దుబార్చే సూది ఒకటి, గుంజే సూది ఒకటి. పెద్ద గొర్రెకి గ్లాసెడు పోతే పూట తిరిగేసరికి కోలుకుంటుంది. మూడు కిలోల పిల్ల ఒంట్లో ఉండేదే గ్లాసెడు. పోగులేని పిల్లల మీద గద్ద వాలదన్న ధీమాతో, ఇన్నాళ్లూ ఆమె ఆ వైపే చూడలేదు. గద్ద పోగును చూసింది, పిల్లను చూడలేదు.

విషయం చెప్పేసరికి ఈరక్క కూలబడిపోయింది. "నా చేత్తోనే కడ్తి గదమ్మా," అని ఏడ్చింది. కరియ లేచి ఆమె చెయ్యి నాకింది.

పలక వినేసింది. "కాపరి తప్పుగా నమోదు చేయవచ్చు. కుక్కను వదలవచ్చు. మంద కావలి స్వాధీనం అవుతుంది. సమ్మతమేనా?"

"కాదు. చంపింది సూదిగద్ద."

"ఆ పేరుతో జంతువు లేదు. దగ్గరి పదం, కుక్క. సమ్మతమేనా?"

"కాదు. కొత్తగా చేర్చు. వెనకటి పదకొండింటికీ కుక్క అన్నది కొట్టేసి అదే రాయి."

పలక తటపటాయించింది. మూడు జీవాలకు మించి చంపిన ఎగిరే జాతిని దేన్నైనా, చంపడం ఆగేదాకా, మండలమంతటా నేలకు దింపాలి. అది కావలి తనకు తానే రాసుకున్న నియమం. అన్నాళ్లూ పట్నాలకి మందు తగ్గుతుందని తస్లీంకి తెలుసు. ఆమె అక్క ఉండేది పట్నంలోనే. అయినా వేలు నొక్కింది.

గుట్ట మీదుగా వస్తున్న మూడు గద్దలు గాలిలోనే ఆగాయి. ఒక్కొక్కటే కొర్రచేలో దిగి రెక్కలు ముడుచుకున్నాయి. కరియ వెళ్లి ఒకదాన్ని వాసన చూసి వెనక్కొచ్చింది.

"కంచే చేను మేసినట్టాయ గదమ్మా," అంది ఈరక్క కళ్లు తుడుచుకుంటూ. "ఇదేనా కాటేరి?"

"ఇది సగమే అవ్వా. చూడకుండా కుక్క అని రాసింది నేను."

పలకకి ఇంకో ప్రశ్న మిగిలింది. ప్రతి కుక్క విషయంలోనూ అడిగేదే, ప్రతిసారీ తస్లీం ఎవరో ఒక కాపరి పేరు చెప్పేది.

"చంపిన జంతువు యజమాని?"

ఆమె తన పూర్తి పేరు చెప్పింది.